బాడీ అయిపోయిందన్నాక కూడా ఇంకా తొమ్మిది వారాలెందుకు?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. కోవా అనే హవాయి చెట్టు చెక్కతో టెనార్ సైజు ఉకులేలే (గిటార్ లాంటి చిన్న నాలుగు తీగల వాద్యం) చేయించుకుంటున్నారు. ఆర్డరిచ్చి ఏడు నెలలైంది. పోయిన వారం ఫోటోలు వచ్చాయి: బాడీ మూసేశారు, మెడ అతికించారు, ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కమ్మీలు) కొట్టేశారు. చూస్తే తీగలు కట్టడమే తరువాయి అన్నట్టుంది. చేస్తున్నాయన మాత్రం "ఇప్పుడే లక్కర్ మొదలుపెట్టాను, ఇంకా ఎనిమిది తొమ్మిది వారాలు పడుతుంది" అన్నారు. ఇది సాగదీయడమా, ఈలోగా మీరు చేయగలిగిందేమైనా ఉందా, చేతికొచ్చాక ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

సాగదీయడం కాదు. లక్కర్ అంటే చెక్క మీద వేసే మెరుపు పూత. అందులో నైట్రోసెల్యులోజ్ రకం వేసేవాళ్ళకి ఎనిమిది వారాలు మామూలే. ఎవరైనా మూడు వారాల్లో ఇచ్చేస్తానంటేనే అనుమానించాలి. మీరు చేయగలిగింది మాత్రం చాలా ఉంది, అందులో కొంత ఈ వారమే చేయాలి. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ తొమ్మిది వారాలు ఎక్కడికి పోతాయో తెలిస్తే ఎదురుచూపు తేలికవుతుంది.

కోవా, మహాగని లాంటి చెక్కల మీద దగ్గరగా చూస్తే సూదితో గీసినట్టు సన్నటి గాడులు కనిపిస్తాయి. చెట్టు బతికున్నప్పుడు నీరు పైకి తీసుకెళ్ళిన గొట్టాలవి, కోసినప్పుడు అలా తెరుచుకుంటాయి. అద్దంలాంటి మెరుపు కావాలంటే ముందు ఆ గాడులన్నీ పూడ్చాలి. ఎపాక్సీతోనో, ప్యూమిస్ రాతిపొడీ లక్కా కలిపో పూడ్చి, ఆరాక సాండ్‌పేపర్‌తో చెక్క దాకా రుద్ది, మిగిలిన గాడులు మళ్ళీ పూడుస్తారు. రెండు మూడు సార్లు చేస్తే తప్ప సరిగా రాదు. దీనికే ఒక వారం పోతుంది. ఫోటో తీస్తే చెక్క మురికిగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఆ దశలో ఫోటో పంపితే కంగారు పడకండి.

తర్వాత లక్కర్. రోజుకి మూడు పూతల చొప్పున మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు పూతలు వేస్తారు. మధ్యలో 320 లేదా 400 నంబరు సాండ్‌పేపర్‌తో సమం చేస్తారు. పూత వేయడం వారంలో అయిపోతుంది. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది, అదేమిటంటే ఏమీ చేయకుండా వేలాడదీసి ఉంచడం. లక్కర్‌లోని ద్రావకం పైపైన గంటల్లో ఎగిరిపోయినట్టు కనిపించినా, లోపలి పొరల్లో చిక్కుకున్నది బయటికి రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ద్రావకం పోతున్నకొద్దీ పూత పల్చబడుతూ, చెక్క గాడుల్లోకి కుంగుతూ ఉంటుంది. ఆ కుంగడం పూర్తి కాకముందే రుద్ది మెరుగు పెడితే ఆ రోజుకి అద్దంలా ఉంటుంది. రెండు నెలల తర్వాత వెలుతురులో వాలుగా పట్టుకు చూస్తే గాడులన్నీ మళ్ళీ పైకి తేలి ఉంటాయి. అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు, మొత్తం మళ్ళీ రుద్ది పూత వేయడం తప్ప. తొందరపెట్టినందువల్ల జరిగే రెండో నష్టం ఇంకా బాధాకరం: మెత్తగా ఉన్న పూతతో కేసులో పెట్టి పంపితే లోపలి మఖమల్ గుడ్డ నేత అచ్చు వీపు పలక మీద దిగిపోతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి అనుభవమున్నవాళ్ళు వాడే పరీక్ష ముక్కుతో వాసన చూడటమే. సౌండ్‌హోల్ దగ్గరా, మెడ మడమ (మెడ బాడీకి కలిసే చోటు) దగ్గరా ఘాటైన ద్రావకం వాసన వస్తున్నంత కాలం మెరుగు జోలికి పోరు. ఆరిందనుకున్నాక 800తో మొదలుపెట్టి 2000 నంబరు దాకా తడి సాండ్‌పేపర్‌తో రుద్ది, ఆపైన బఫింగ్ చక్రం మీద మెరుగు పెడతారు. అంతా అయ్యాక మిగలాల్సిన పూత మందం 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు. టెనార్ పై పలక మందమే 1.8 నుంచి 2.2 మిల్లీమీటర్లు కాబట్టి పూత మందం పెరిగితే పలక బరువెక్కి నాదం ముద్దగా అవుతుంది. అంచుల దగ్గర ఒక్క పోటు ఎక్కువ రుద్దితే చెక్క బయటపడుతుంది. చేతిపని ఖరీదులో పెద్ద భాగం ఈ సన్నటి సందులోనే ఉంది.

ఇతర పూతలకి లెక్క వేరు. నూనె పూత రోజుకొకటి చొప్పున ఆరేడు పూతలతో రెండు వారాల్లో అయిపోతుంది. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ అన్నిటికన్నా పల్చనిది, నాదానికి చాలా మంచిది, కానీ చెమటకీ ఆల్కహాల్‌కీ తట్టుకోదు. మీది లక్కర్ కాబట్టి వాటిని వదిలేద్దాం.

మెరుగు అయ్యాక బ్రిడ్జ్, అంటే పై పలక మీద తీగల కింది కొనలు కట్టే చెక్క ముక్క, అతికిస్తారు. చాలామందికి ఇది ముందే ఎందుకు అతికించరో అర్థం కాదు. టెనార్‌లో నాలుగు తీగల బిగి కలిపి సుమారు 18, 20 కిలోలుంటుంది. తీగలు పలక కన్నా ఒక సెంటీమీటరు ఎత్తులో లాగుతుంటాయి కాబట్టి బ్రిడ్జ్ వెనక అంచు ఎప్పుడూ పైకి లేవాలని చూస్తుంది. జిగురు చెక్కకీ చెక్కకీ మధ్య ఉంటేనే ఆ లాగుడుకి ఆగుతుంది. మధ్యలో పూత ఉంటే బ్రిడ్జ్ పూతతో సహా ఊడొస్తుంది. అందుకే బ్రిడ్జ్ కూర్చునే చోట ముందే టేపు వేసి పూత పడకుండా చూస్తారు, లేదా మెరుగు అయ్యాక అంతమేర పూత గీకేసి అతికిస్తారు. క్లాంపులు ఒక రోజంతా ఉంచుతారు. ఆ తర్వాత నట్ (మెడ పైకొన దగ్గర తీగలు ఆనే గాడుల ముక్క), శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి బద్ద), ట్యూనర్లు, తీగలు.

తీగలు కట్టగానే పంపేయడమూ మంచిది కాదు. మొదటి నాలుగైదు రోజుల్లో పై పలక ఆ బిగికి కొద్దిగా ఉబ్బుతుంది, మెడ ఒక వెంట్రుకవాసి ముందుకు వస్తుంది. అది సర్దుకున్నాక నట్, శాడిల్ మళ్ళీ ఒకసారి సవరిస్తారు. మంచి చెయ్యి ఉన్నవాళ్ళు ఈ ఆఖరి వారాన్ని ఎప్పుడూ లెక్కలో ఉంచుకుంటారు. మీకు చెప్పిన తొమ్మిది వారాల్లో అదీ ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఈ వారం మీరు చేయాల్సింది. స్కేల్ పొడవు (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు), మెడ వెడల్పు, లోపలి బద్దలు, సౌండ్‌హోల్, మెడ పక్కన వేసే చుక్కలు ఇవన్నీ దాటిపోయాయి, వాటిని మార్చమని అడగకండి. కానీ నాలుగు విషయాలు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి: శ్రుతి, తీగల ఎత్తు, పికప్ (వాద్యాన్ని స్పీకరుకి కలపడానికి లోపల పెట్టే పరికరం), భుజం పట్టీ తగిలించే గుబ్బ. ఈ నాలుగూ ఒకే ఉత్తరంలో, ఒకేసారి రాయండి. ముక్కలు ముక్కలుగా రోజుకొక సందేశం పంపితే పని బల్ల దగ్గర ఒకటి గుర్తుండి ఇంకొకటి మర్చిపోవడం ఖాయం.

శ్రుతి అంటే నాలుగో తీగ G పైదా, కిందిదా అన్నది. మామూలు ఉకులేలే శ్రుతి g C E A. ఇందులో g 392 హెర్ట్జ్, పక్కనున్న C 261.6 హెర్ట్జ్. అంటే నాలుగో తీగే మూడోదానికన్నా పైన మోగుతుంది. లో జీ, అంటే కింది G, అయితే అది 196 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇది తీగ మార్చుకుంటే పోయే విషయం కాదా అనుకోవచ్చు. కాదు, నట్ గాడి దీన్ని బట్టే కోస్తారు. పై G తీగ మందం 0.6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, చుట్టలేని ఫ్లోరోకార్బన్ లో జీ తీగ 0.9 దాటుతుంది. సన్నతీగకి కోసిన గాడిలో లావుతీగ పైకి ఎక్కి కూర్చుంటుంది, మొదటి ఫ్రెట్ల దగ్గర శ్రుతి హెచ్చుతుంది. లావుతీగకి కోసిన గాడిలో సన్నతీగ అటూ ఇటూ కదిలి గరగరమంటుంది. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒకేసారి మీటడం), పాటకి తోడుగా వాయించడం ఎక్కువైతే పై G ఉంచుకోండి, ఉకులేలే గలగల అంతా అందులోనే ఉంది. ఒక్క వాద్యం మీదే రాగమంతా వేళ్ళతో మీటాలనుకుంటే, కింది స్వరాలు తరచూ అవసరమైతే లో జీ తీసుకోండి. నిజంగా తేల్చుకోలేకపోతే రెండో నట్ ఒకటి చేసి ఇవ్వమని అడగండి. నట్‌ని చాలామంది ఒకటి రెండు జిగురు చుక్కలతోనే నిలబెడతారు, మార్చడం పెద్ద పని కాదు. ఎముక ముక్క, అరపూట పని, అంతే.

తీగల ఎత్తు గురించి "తక్కువగా పెట్టండి", "మెత్తగా ఉండాలి" అని రాస్తే ఉపయోగం లేదు. మీ దగ్గరున్న పాత ఉకులేలే తీయండి. శ్రుతి చేసి, మిల్లీమీటర్ల స్కేలు 12వ ఫ్రెట్ కమ్మీ మీద నిలబెట్టి, కమ్మీ పైభాగం నుంచి తీగ అడుగుకి ఎంతుందో చూడండి. C తీగకీ A తీగకీ విడివిడిగా. స్కేలు కొన దగ్గర అంచు వదిలి గీతలు మొదలవుతుంటే ఆ అంచుని ఆకురాయితో అరగదీయండి, లేదంటే కొలత అరమిల్లీమీటరు తప్పుతుంది. ఆ అంకె రాసి, దాంతో మీకు హాయిగా ఉందా లేక వేళ్ళు నొప్పెడుతున్నాయా అన్నది పక్కన రాయండి. టెనార్‌కి 2.5 మిల్లీమీటర్లు మధ్యస్థం. వేళ్ళతో సుతారంగా మీటేవాళ్ళకి 2.2 సరిపోతుంది. గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్ళకి 2.8 దాకా కావాలి, లేకపోతే తీగ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. ఇంకోటి తెలిసి ఉంటే మంచిది: 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ అరమిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ని ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఒకసారి అరగదీసింది మళ్ళీ రాదు కాబట్టి సందేహముంటే కాస్త ఎక్కువే చెప్పండి.

పికప్ ఎప్పటికైనా పెట్టించుకోవాలనుకుంటే ఇప్పుడే చెప్పాలి. శాడిల్ కింద పెట్టే పీజో రకం పికప్‌కి శాడిల్ గాడి అడుగు చదునుగా, పికప్ వైరు దూరే రంధ్రంతో ఉండాలి. తోక వైపు జాక్‌కి 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. గాడి, రంధ్రం అవగాహన ఉన్న చేతుల్లో ఇప్పుడైతే అరగంట పని. రేపు మెరిసే వాద్యం మీద ఎవరో కొత్తవాళ్ళు డ్రిల్ పెడితే లక్కర్ పెచ్చులూడుతుంది. పట్టీ గుబ్బ సంగతీ అంతే.

ఆ ఉత్తరంలోనే మీరు ఉండేచోట గాలిలో తేమ ఎంతుంటుందో కూడా రాయండి. ఎవరూ రాయని విషయం ఇది, కానీ చేసేవాళ్ళకి ఎంతో ఉపయోగం. వాద్యాల పని గదుల్లో తేమ 45 శాతం చుట్టూ ఉండేలా చూసుకుంటారు. అక్కడ కట్టిన వాద్యం 80 శాతం ఉండే చోటికి వెళ్తే పై పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. 25 శాతం ఉండే చోటికి వెళ్తే పలక కుంగి తీగలు దిగుతాయి. ముందే తెలిస్తే శాడిల్ ఎత్తు ఆ మేరకు సర్దుతారు, లేదా రెండు ఎత్తుల్లో రెండు శాడిల్స్ ఇస్తారు.

తేమ మాట వచ్చింది కాబట్టి, ఈ తొమ్మిది వారాల్లో మీరు కొనాల్సిన మొదటి వస్తువు హైగ్రోమీటర్, అంటే గాలిలో తేమ కొలిచే పరికరం. చిన్న డిజిటల్‌ది చాలు. కానీ దాన్ని అలాగే నమ్మకండి, పది శాతం దాకా తప్పు చూపేవి చాలా ఉంటాయి. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్టు నాలుగైదు చుక్కల నీళ్ళు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ హైగ్రోమీటర్‌నీ, ఒకదానికొకటి తగలకుండా, గాలి చొరని డబ్బాలో పెట్టి పది పన్నెండు గంటలు కదపకుండా వదిలేయండి. తడి ఉప్పు పైన గాలి ఎప్పుడూ 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. మీ పరికరం 70 చూపిస్తే అది 5 తక్కువ చూపుతోందన్నమాట. ఆ తేడాని కాగితం మీద రాసి దాని వీపున అంటించండి.

తేమ మీద ఇంత పట్టింపు ఎందుకంటే, చెక్క నిలువుగా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. పై పలక వెడల్పు 220 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. తేమ 50 నుంచి 30 శాతానికి పడిపోయి అలాగే ఉంటే ఆ వెడల్పు ఒక మిల్లీమీటరు దాకా కుంచించుకోవాలని చూస్తుంది. కానీ దాని కింద అడ్డంగా అతికించిన బద్ద తన పొడవున కుంచించుకోదు. పలక లోపలికి రావాలంటుంది, బద్ద రానివ్వదు. చివరికి బ్రిడ్జ్‌కి కిందవైపునో, మధ్య అతుకు దగ్గరో చీలుతుంది. పగులు వచ్చే ముందు వాద్యమే చెప్తుంది: మెడ అంచున వేలు పోనిస్తే ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటాయి. మెడ చెక్క కుంచించుకుంది, లోహం కుంచించుకోలేదు. అది తగిలిన రోజే కేసులో తేమ పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంచగలిగితే మీరు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

కేసు ఇంకా తీసుకోకపోతే, బయటి కొలతలు చేసేవారినే అడిగి తీసుకోండి. చేతిపని టెనార్లు అన్నీ ఒకే వంపులో ఉండవు. కింది వంపు వెడల్పు, మొత్తం పొడవు, లోతు ఈ మూడూ కావాలి. మెడ కింద ఆధారం ఉండి, తల వెనకభాగం కేసు అడుగుకి తగలకుండా ఉండాలి. దూరప్రయాణంలో పెట్టె కింద పడితే తల విరిగేది ఆ తగలడం వల్లే.

దేశం దాటి వస్తుంటే చెక్కల పేర్లు శాస్త్రీయనామాలతో సహా బిల్లు మీద రాయించండి. కోవా, అంటే అకేసియా కోవా, సైటీస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో లేదు. ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్ళు నొక్కే పలక), బ్రిడ్జ్ రోజ్‌వుడ్ అయితే, రోజ్‌వుడ్ చెట్ల డాల్బెర్జియా జాతి మొత్తాన్నీ 2017 జనవరి 2న రెండో అనుబంధంలో చేర్చారు, కానీ 2019 నవంబరు 26 నుంచి తయారైపోయిన సంగీత వాద్యాలకి మినహాయింపు ఉంది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఈ మినహాయింపు లేదు. అది 1992 నుంచీ మొదటి అనుబంధంలోనే ఉంది, కాగితాలు లేకుండా సరిహద్దు దాటదు. వాడారేమో ఒక్కమాట అడిగి ఉంచుకోండి.

కోవా గురించి ఒక్క మాట, ఎందుకంటే ఫోటోలో రంగు పాలిపోయినట్టుందని మీరు దిగులుపడ్డారు. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి హొనొలులుకి వచ్చినవాళ్ళలో మాన్యువల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. తమ ఊరి నాలుగు తీగల మషేత్‌ని వాళ్ళు హవాయిలో దొరికే కోవాతో చేయడం మొదలుపెట్టారు, ఉకులేలే అలా పుట్టింది. ఆ చెక్క అసలు అందం పూత పడ్డాకే కనిపిస్తుంది. సాండ్‌పేపర్ పట్టిన కోవా ఎండిన మట్టిలా ఉంటుంది. మొదటి తడి పూత తగిలిన క్షణంలో బంగారు, ఎర్ర, గోధుమ చారలు లేచి, వాద్యాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే చారలు వెలుతురుతో పాటు నడుస్తాయి. ఆ నడక ఒక్క ఫోటోలో పడదు. చూడాలని ఉంటే, పూత వేశాక కిటికీ దగ్గర మెల్లగా తిప్పుతూ పది సెకన్ల వీడియో పంపమని అడగండి.

ఎన్నిసార్లు అడగొచ్చు అన్న మొహమాటం మీకుంది. దశకొకసారి అడగడంలో తప్పేమీ లేదు: పూతలు అయ్యాక, మెరుగు పెట్టాక, తీగలు కట్టాక. నిజంగా ఆలోచించాల్సింది ఎప్పుడంటే, సూటిగా అడిగిన ప్రశ్నకి ఒక నెల దాటినా జవాబు లేనప్పుడు, లేదా తీగలు కట్టిన ఫోటో చూపకుండా మిగతా డబ్బు మొత్తం అడిగినప్పుడు. ఆఖరి చెల్లింపుకి ముందు తీగలతో ఉన్న ఫోటోలు, ఒక్కో తీగ మీద ప్రతి ఫ్రెట్ విడివిడిగా మీటిన రికార్డింగ్ అడగండి. పాట వాయించి పంపితే బాగుంటుంది గానీ, లోపాలు పాటలో దాక్కుంటాయి, విడి స్వరాల్లో దాక్కోవు.

ఇక పెట్టె వచ్చిన రోజు. బయట చల్లగానో మరీ వేడిగానో ఉంటే పెట్టెని తెరవకుండా ఒక రోజు గదిలో ఉంచండి. చల్లబడిన లక్కర్‌కి ఒక్కసారిగా వేడి గాలి తగిలితే సాలెగూడులా సన్నటి పగుళ్ళు వస్తాయి. తెరిచాక తీగలు వదులుగా ఉంటాయి, ప్రయాణానికని అలా పంపుతారు. మెల్లగా శ్రుతికి తెచ్చి, అరగంట ఆగి, మళ్ళీ శ్రుతి చేసి, అప్పుడు చూడటం మొదలుపెట్టండి.

ముందు కళ్ళతో. దీపం ఒక పక్క పెట్టి వాద్యాన్ని వాలుగా పట్టుకుంటే పూతలో అలలు, గుంటలు తెలుస్తాయి. బ్రిడ్జ్ వెనక అంచు కిందికి పల్చటి కాగితం కొన దూర్చి చూడండి. ఎక్కడా దూరకూడదు. దూరితే అది మొదటి రోజే చెప్పాల్సిన లోపం. ఫోన్ లైటూ చిన్న అద్దమూ సౌండ్‌హోల్‌లోకి పోనిచ్చి బద్దల కొనలు పలకకి అంటుకుని ఉన్నాయో లేదో చూడండి. తర్వాత తీగల్ని అరచేత్తో అదిమి, పై పలకని వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టండి. ఎక్కడైనా చిటపట వినిపిస్తే అక్కడ బద్ద వదులైంది.

నట్ పరీక్ష సులువు. తీగని రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం మందం, అంటే 0.1 మిల్లీమీటరు ఉంటే చాలు. అసలే లేకపోతే విడితీగ గరగరమంటుంది. ఎక్కువుంటే మొదటి ఫ్రెట్‌లో స్వరం హెచ్చుతుంది. ట్యూనర్ పెట్టుకుని C తీగ మొదటి ఫ్రెట్ మీటండి, పది సెంట్లు (ఒక ఫ్రెట్ తేడాలో నూరో వంతు ఒక సెంట్) దాటి పైకి చూపిస్తే నట్ ఎత్తుగా ఉన్నట్టే.

12వ ఫ్రెట్ దగ్గర, తీగ మీద వేలు తాకీ తాకనట్టు ఉంచి మీటిన స్వరాన్నీ, నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. ఐదు సెంట్ల లోపు తేడా ఉంటే వదిలేయండి, నైలాన్, ఫ్లోరోకార్బన్ తీగలతో అంతకన్నా పట్టింపు పనికిరాదు. ఎక్కువుంటే ముందు తీగ మార్చి చూడండి, అంతటా ఒకే మందం లేని తీగలు చాలానే వస్తాయి. కొత్త తీగతోనూ అలాగే ఉంటే ఒక లెక్క చెప్తాను. 432 మిల్లీమీటర్ల స్కేల్ మీద శాడిల్ కొనని ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపితే 12వ ఫ్రెట్ స్వరం సుమారు 4 సెంట్లు దిగుతుంది. శాడిల్ మందమే 3 మిల్లీమీటర్లు కాబట్టి దాని కొనని చెక్కి రెండు మిల్లీమీటర్లకి మించి జరపలేరు. అంటే ఎనిమిది సెంట్ల దాకా శాడిల్‌తో సర్దవచ్చు. నాలుగు తీగలూ పదిహేను సెంట్లు హెచ్చుగా ఉంటే మాత్రం బ్రిడ్జే తప్పు చోట కూర్చుంది, అది వెనక్కి పంపాల్సిన విషయం. స్కేలుతోనూ చూసుకోవచ్చు: నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి 216 మిల్లీమీటర్లుంటే, అక్కడి నుంచి శాడిల్‌కి దానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువుండాలి.

లోపల పెన్సిల్ గీతలు, బద్ద మీద ఉలి జాడ, కుడి ఎడమ వంపుల్లో అరమిల్లీమీటరు తేడా, చెక్కలో సహజంగా ఉన్న నల్లచార ఇవి లోపాలు కావు. వీటికోసం ఉత్తరం రాయకండి. తెరుచుకున్న అతుకు, లేచిన బ్రిడ్జ్, ఒక్క ఫ్రెట్ దగ్గరే వచ్చే గరగర, పైన చెప్పిన శ్రుతి తేడా ఇవి లోపాలు. ఇవి కనిపిస్తే కొలతతో, ఫోటోతో, మొదటి వారంలోనే రాయండి.

మొదటి పది రోజులూ తీగలు సాగుతూనే ఉంటాయి, రోజుకి ఐదారుసార్లు శ్రుతి చేయాల్సి వస్తుంది. అది ట్యూనర్ల తప్పు కాదు. లక్కర్ కూడా ఇంకొన్ని నెలలు కొంచెం మెత్తగానే ఉంటుంది. రబ్బరు మెత్తలున్న స్టాండ్ మీద, వినైల్ పట్టీ ఆనించి పెట్టకండి. రబ్బరులోనూ వినైల్‌లోనూ ఉండే రసాయనాలు నైట్రో లక్కర్‌ని కరిగించి అంటుకుపోతాయి. నూలు గుడ్డ చుట్టినా చాలు. డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేతులతో ముట్టుకోవద్దు, వేలిముద్రలు పూతలోకి దిగిపోతాయి.

శ్రుతి నిలబడిన రోజున 12వ ఫ్రెట్ దగ్గర నాలుగు తీగల ఎత్తులూ, ఆ రోజు తేమ శాతమూ ఒక చీటీ మీద రాసి కేసులో పెట్టండి. మూడు నెలలకి మళ్ళీ కొలవండి. 0.3 మిల్లీమీటర్ల లోపు తేడా వస్తే పట్టించుకోకండి. అర మిల్లీమీటరు దాటితే ముందు హైగ్రోమీటర్ చూడండి. తేమ కూడా మారి ఉంటే దాన్ని సరిచేసి, రెండు వారాలు ఆగి ఇంకోసారి కొలవండి. అప్పటికీ అలాగే ఉంటే రెండు చీటీలూ చేసినాయనకి పంపండి. ఈలోగా శాడిల్ మాత్రం ఎవరిచేతా అరగదీయించకండి.